తప్పొప్పుల పట్టిక: పుస్తకము నుండి ప్రోగ్రాము వరకు

పాత తెలుగు పుస్తకములను తిరుగవేసినచో, మొదటనో చివరనో "తప్పొప్పుల పట్టిక" అను పుట యొకటి కనుపించును. అందు నాలుగు గడులుండును: పుట, పంక్తి, తప్పు, ఒప్పు. అచ్చు పూర్తియైన పిదప కంటబడిన దోషములను గ్రంథకర్త అందు చేర్చి, చదువరులు దిద్దుకొని చదువవలసినదిగా కోరెడివాడు. ఈ పుటను చిన్నచూపు చూచుట పొరపాటు. లాగరిథముల పట్టికలో ఒక్క అంకె తప్పుపడినచో, దానిని నమ్మి చేసిన లెక్కలన్నియు తప్పుగనే వచ్చును గదా!

కంప్యూటరు ప్రోగ్రాములకు గూడ ఇట్టి పట్టిక కలదు. ప్రోగ్రాము అనగా యంత్రము వరుసగా నెరవేర్చవలసిన ఆజ్ఞలను వ్రాసిన పాఠమే. వ్రాయువారు మనుష్యులు గనుక అందు దోషములు తప్పవు. ఆ దోషములను కనుగొని, కొలది పంక్తులలో దిద్ది, ఆ దిద్దుబాటును లోకమంతటికి అందజేయు పద్ధతి సుమారు ఎనుబది సంవత్సరములలో క్రమముగా పెరిగినది. ఈ పద్ధతికిని, హైదరాబాదు నగరపు నేటి రూపునకును దగ్గరి సంబంధము కలదు.

పురుగు, అతుకు

యంత్రములోని దోషమును ఆంగ్లమున "బగ్", అనగా పురుగు, అని పిలుచుట కంప్యూటరు కంటె పాతది. టామస్ ఎడిసన్ 1878లోనే తన పరికరములలోని చిక్కులను గూర్చి ఈ మాటను వాడెను. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్-2 యంత్రము సరిగా పనిచేయకపోగా, పరిశీలించినవారికి ఒక రిలేలో చిక్కుకొనిన రెక్కల పురుగు దొరికెను. వారు దానిని దినచర్య పుస్తకములో అంటించి, నిజమైన పురుగు దొరకుట ఇదే మొదటిసారియని చమత్కారముగా వ్రాసిరి. ఆ పుస్తకము నేడు స్మిత్‌సోనియన్ సంస్థవారి మ్యూజియములో నున్నది.

దిద్దుబాటునకు "ప్యాచి" అను పేరు వచ్చిన విధము గూడ ఆసక్తికరమైనదే. ఆనాటి ప్రోగ్రాములను కాగితపు పట్టీలపై రంధ్రములుగా పొడిచెడివారు. ఒకచోట రంధ్రము తప్పుగా పడినచో, పట్టీనంతయు మరల పొడువక, ఆ చోట చిన్న కాగితపు ముక్కను అంటించి మూసెడివారు. ప్యాచి అనగా ఈ అతుకే. కాగితపు పట్టీలు పోయినవి గాని, పేరు మాత్రము నిలిచినది.

రెండంకెల సంవత్సరము

చిన్న దిద్దుబాటు ఎంత పెద్ద పని కాగలదో లోకమునకు తెలిసినది 1990 తరువాతి దశకమున. పూర్వము కంప్యూటరునకు సమాచారమును రంధ్రములు గల కార్డులపై అందించెడివారు. సాధారణముగా ఒక కార్డుపై 80 గడులే యుండెడివి. స్థలమును పొదుపు చేయుటకై 1965 అను సంవత్సరమును 65 అని మాత్రమే వ్రాసిరి. కార్డులు పోయిన పిదపను ఆ అలవాటు ప్రోగ్రాములలో మిగిలిపోయెను. 1965లో పుట్టినవాని వయస్సును 1995లో లెక్కించినపుడు 95 నుండి 65 తీసివేయగా 30 వచ్చును, ఇది సరియైనదే. కాని 2000లో 00 నుండి 65 తీసివేసినచో వచ్చునది 35 కాదు, ఋణ 65!

దీనిని దిద్దుటకు రెండు మార్గములు వాడిరి. మొదటిది, సంవత్సరమును నాలుగంకెలుగా విస్తరించుట. ఇది శాశ్వతమైనది గాని శ్రమ ఎక్కువ. రెండవది, ఒక హద్దును ఏర్పరచుకొనుట. ఉదాహరణకు, 00 నుండి 29 వరకు గల అంకెలను 2000 మొదలు 2029 వరకనియు, 30 నుండి 99 వరకు గలవానిని 1930 మొదలు 1999 వరకనియు గ్రహించుట. ఇది సులభమైనది గాని, చిక్కును తొలగింపదు, ముందుకు నెట్టును. ఈ రెండవ మార్గమును చదువరులు గుర్తుంచుకొందురుగాక. దాని కథ ఇంకను ముగియలేదు.

ఇట్టి పంక్తులు లక్షల సంఖ్యలో నుండెను. ఒక్కొక్కదానిని వెదకి దిద్దుటకు చాలమంది కావలసి వచ్చిరి. ఆ పని భారతదేశపు సంస్థలకు విస్తారముగా లభించెను. 1987లో హైదరాబాదున స్థాపింపబడిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అట్టివానిలో నొకటి. అమీర్‌పేట శిక్షణకేంద్రములలో యువకులు, 1959 నాటి కోబాల్ భాషను నేర్చుకొనిరి. ఏలయన, పాత బ్యాంకుల లెక్కలు, భీమా లెక్కలు ఎక్కువగా ఆ భాషలోనే యుండెను. మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి 1998 నవంబరు 22న ప్రారంభించిరి. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు నడువసాగినవి. లింగంపల్లి వైపు పోవు బండి బోరబండ స్టేషను దాటిన పిమ్మట ఆగునది హైటెక్ సిటీ స్టేషనులోనే. ఆ ప్రాంతమున నేడు కానవచ్చు గాజు మేడల పునాదులలో ఈ రెండంకెల దిద్దుబాటు గూడ నొక రాయి యనవచ్చును.

2000 జనవరి 1వ తేదీన లోకమున పెద్ద ప్రమాదమేదియు సంభవింపలేదు. అది చూచి, అంతటి హడావుడి అనవసరమని నవ్వినవారును కలరు. కాని, మంచి దిద్దుబాటు లక్షణమే అది: అది జరిగినట్లు ఎవరికిని తెలియదు.

తేడాలను చూపు పద్ధతి

ఒకే పాఠమునకు రెండు ప్రతులున్నపుడు వానిలోని భేదములను కనుగొనుట పండితులకు పాత పనియే. సి. పి. బ్రౌన్ వేమన పద్యముల వ్రాతప్రతులను సేకరించి, పండితుల సాయముతో పోల్చి చూచి, 1829లో కొన్నింటిని ప్రకటించెను. తాటాకులపై పండితులు నెలల తరబడి చేసిన ఇట్టి పోలికను యంత్రముచేత చేయించు ప్రోగ్రాము 1974లో యూనిక్స్ అను వ్యవస్థలో చేరెను. దానిపేరు డిఫ్, అనగా తేడా. దాని పద్ధతిని రూపొందించినవారు జేమ్స్ హంట్, బెల్ పరిశోధనాలయమునకు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ అనువారు. అది తొలగిన పంక్తిని, చేరిన పంక్తిని, వాని స్థానమును చూపును. మన తప్పొప్పుల పట్టికలోని గడులే ఇవి!

1985లో లారీ వాల్ అను అమెరికను ఆ పట్టికను వెనుకకు త్రిప్పెను. అనగా, తేడాల పట్టికను చదివి, పాత ప్రతిని క్రొత్త ప్రతిగా తానే మార్చు ప్రోగ్రామును వ్రాసెను. దానికి ప్యాచి అనియే పేరు పెట్టెను. దీనితో పెద్ద ప్రోగ్రామునంతయు పంపవలసిన పని లేక, మారిన నాలుగు పంక్తులను మాత్రము పంపిన చాలునన్నమాట. 2005 ఏప్రిలులో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ అను సాధనమును నిర్మించెను. ప్రతి మార్పును ఎవరు, ఎప్పుడు, ఏ కారణమున చేసిరో అది భద్రపరచును. మార్పులోని పాఠము నుండి గణితరీత్యా లెక్కించిన ఒక గుర్తును దానికి తగిలించును. తరువాత ఎవరైన ఒక్క అక్షరమును రహస్యముగా మార్చినను ఆ గుర్తు సరిపడదు.

చట్రములు

ఇంతలో వెబ్ ఫ్రేంవర్కులు వచ్చినవి. ఫ్రేంవర్కు అనగా చట్రము. ఇల్లు కట్టువాడు ప్రతి ద్వారబంధమును తానే చెక్కుకొనక సిద్ధముగా నున్నవానిని తెచ్చి అమర్చినట్లు, వెబ్‌సైటును నిర్మించువాడు సంకేతపదమును సరిచూచుట, పత్రమును స్వీకరించుట, తేదీలను చదువుట మొదలగు సామాన్యమైన పనులకు చట్రములోని సిద్ధభాగములను వాడుకొనును. రూబీ ఆన్ రెయిల్స్ 2004లోను, జాంగో 2005 జూలైలోను, ఎక్స్‌ప్రెస్ 2010లోను వెలువడినవి. జాంగో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రపు లారెన్స్ నగరమున ఒక దినపత్రిక కార్యాలయములో పుట్టినది. వార్తలను వేళకు ప్రకటింపవలసిన తొందరయే దాని పుట్టుకకు కారణము.

ఈ చట్రముల మూలపాఠము అందరకును బహిరంగము. ఎవరైనను చదువవచ్చును, దోషము కనిపించినచో దిద్దుబాటును పంపవచ్చును. ఒకే చట్రముపై వేలకొలది సైట్లు నిలిచి యున్నవి గనుక, అందలి ఒక్క పంక్తి తప్పు వేలచోట్ల తప్పగును. అందలి ఒక్క పంక్తి దిద్దుబాటు వేలచోట్ల ఒప్పగును.

కొలది పంక్తుల దిద్దుబాటు

జాంగోలోని ఒక దిద్దుబాటును ఉదాహరణముగా గ్రహింతము. బ్రౌజరును సర్వరును పరస్పరము తేదీలను తెలుపుకొనుచుండును. ఒక పుట తాను చూచిన పిదప మారినదో లేదో తెలిసికొనుటకు బ్రౌజరు ఆ తేదీని పంపును. ఆ తేదీని వ్రాయు పద్ధతులలో నొకటి మిక్కిలి పాతది. అందు సంవత్సరము రెండంకెలే. నేడు దానిని వాడుట తగదు గాని, వచ్చినచో చదువక తప్పదు.

జాంగోలో ఇందుకై యున్న పంక్తులు 00 నుండి 69 వరకు 2000 మొదలు 2069 వరకనియు, 70 నుండి 99 వరకు 1970 మొదలు 1999 వరకనియు గ్రహించెడివి. పైన చెప్పిన హద్దు మార్గమే యిది! కాని 2014 జూనులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 7231 అను ప్రమాణపత్రము వేరొక నియమమును చెప్పినది. రెండంకెల సంవత్సరము నేటికి 50 ఏండ్లకు మించి భవిష్యత్తులో నున్నట్లు కనిపించినచో, అదే అంకెలతో ముగియు గతించిన సంవత్సరముగా దానిని గ్రహింపవలెను. అనగా హద్దు రాతిపై చెక్కినది కాదు. కాలముతోపాటు తానును నడచును.

లెక్క వేసి చూడుడు. 2019లో "70" అను అంకెలు వచ్చినవనుకొందము. 2070 అప్పటికి 51 ఏండ్ల దూరమున నున్నది. కావున అర్థము 1970. మరుసటి సంవత్సరము 2020లో అదే "70" వచ్చినచో దూరము సరిగా 50 మాత్రమే. 50ని మించలేదు గనుక అర్థము 2070. పాత పంక్తులు రెండుసార్లును 1970 అనియే చెప్పెడివి. ఈ భేదమును ఎవరో శ్రద్ధతో గమనించి, ప్రమాణపత్రములోని వాక్యమును చూపి, లోపమును నమోదు చేసిరి. దిద్దుబాటు కొలది పంక్తులే: నేటి సంవత్సరమును తెలిసికొని, భేదము 50ని మించినచో నూరు తగ్గించుట. 2020లో వెలువడిన జాంగో 3.1లో అది చేరినది.

ఇందు గమనింపదగినది మరియొకటి కలదు. దిద్దుబాటుతోపాటు దానిని పరీక్షించు పంక్తులను గూడ చేర్చిరి. నేటి తేదీపై ఆధారపడు నియమమును పరీక్షించుటకు ఏండ్ల తరబడి వేచియుండ నక్కరలేదు. యంత్రములోని గడియారము వేరొక సంవత్సరమున నున్నట్లు నటింపజేసి, జవాబు సరియో కాదో చూచిరి. ముందు ఎవరైన పొరపాటున పాత పంక్తులను తిరిగి తెచ్చినచో, ఆ పరీక్ష వెంటనే విఫలమై హెచ్చరించును. శాస్త్రప్రయోగమును మరియొకరు మరల చేసి చూడగలుగుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

వివరణ పత్రముల మాట

చట్రమును వాడువారు మూలపాఠమును చదువరు. వివరణ పత్రములను చదివెదరు. అందుచేత అందలి తప్పు, ప్రోగ్రాములోని తప్పుతో సమానము. పాఠ్యపుస్తకములో సూత్రము సరిగానుండి, ఉదాహరణములో అంకె తప్పుపడినచో విద్యార్థి సూత్రమునే అనుమానించును గదా! వివరణ దిద్దుటను సులభము చేయుటకై 2008లో రెయిల్స్ వారు వివరణకు మాత్రము వేరొక శాఖను తెరచి, అనుమతి కొరకు వేచియుండకయే ఎవరైనను అందు దిద్దవచ్చుననిరి. ప్రోగ్రాము పంక్తులను మాత్రము అందు తాకరాదనిరి.

అయినను వివరణతో అన్నియు తీరవు. 2012 మార్చిలో జరిగిన సంగతి దీనికి సాక్ష్యము. బడిలో చేర్చుకొను దరఖాస్తుపై విద్యార్థి తన పేరు, ఊరు వ్రాసి, క్రింద తానే "రుసుము చెల్లించినాడు" అని ఒక గడి గీసి వ్రాసినాడనుకొనుడు. గుమాస్తా చదువక దానిని గూడ ఖాతాలో ఎక్కించినచో ఏమగును? ఆనాటి రెయిల్స్ చట్రము, హెచ్చరింపకున్నచో, ఇట్లే వచ్చిన గడులన్నింటిని ఎక్కించెడిది. ఏయే గడులను అంగీకరింపవలెనో ముందుగా చెప్పుకొనుడని వివరణ పత్రములో నుండెను. కాని పలువురు చెప్పుకొనలేదు. ఒక రష్యను యువకుడు ఇది లోపమని తెలుపగా, వాడువారే జాగ్రత్త పడవలెనన్న సమాధానము వచ్చెను. అంతట అతడు అదే చట్రముపై కట్టబడిన గిట్‌హబ్ సైటులో ఈ లోపమును వాడుకొని, రెయిల్స్ మూలపాఠములోనే ఒక మార్పు చేసి చూపెను. అదే నెలలో వెలువడిన 3.2.3 సంచికలో క్రొత్తగా కట్టు సైట్లకు రక్షణ మొదటినుండియే ఉండునట్లు మార్చిరి. 2013లో వచ్చిన 4వ సంచికలో అంగీకరించు గడులను పేర్కొనక తప్పదు. హెచ్చరికను వ్రాయుట కంటె, హెచ్చరిక అవసరము లేకుండ చేయుట మేలని దీనివలన తేలినది.

తెలుగునకు సంబంధించిన దిద్దుబాట్లు

"ఈ గడి తప్పక నింపవలెను" వంటి సూచనలు జాంగోలో తెలుగున గూడ కలవు. వానిని అనువదించుట మాటకు మాట పెట్టుట కాదు. తేదీలో రోజు, నెల, సంవత్సరము వచ్చు క్రమమును తెలుపవలెను. ఒకటికి "పుస్తకము" అనియు, అంతకు మించినచో "పుస్తకములు" అనియు రెండు రూపములు వ్రాయవలెను. ఆంగ్లమువలె చివర ఒక అక్షరము తగిలించిన చాలదు. ఇట్టివి తెలుగు తెలిసినవాడు దిద్దవలసినదే గాని, మరియొకనికి కంటబడవు.

మన లిపిలోని చిక్కును గమనింపకున్నచో ఎట్టి నష్టము కలుగునో 2018 ఫిబ్రవరిలో లోకము చూచినది. "విజ్ఞానము" అను మాటలో నున్న "జ్ఞా" అను అక్షరమును, కంటికి కనబడని ఒక గుర్తుతో కలిపి పంపినచో, ఐ.ఓ.ఎస్. 11.2.5 గల ఐఫోనులలో సందేశములు చదువు ప్రోగ్రాములు కుప్పకూలెను. లోపము అక్షరములో లేదు. జ, ఞ, దీర్ఘము కలిసి ఒక రూపమగు విధమును లెక్కించు పంక్తులలో నున్నది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 సంచిక దానిని దిద్దెను.

దిద్దుబాటు కాని దిద్దుబాటు

చిన్న దిద్దుబాటునకు గౌరవము పెరిగిన కొలది, దాని నకలుకును గిరాకి పెరిగినది. 2020 అక్టోబరులో, నాలుగు దిద్దుబాట్లు పంపినవారికి టీ షర్టు బహుమతిగా ఇచ్చు ఉత్సవమొకటి జరిగెను. ఆ ఆశతో వివరణ పత్రములలో ఒక విశేషణమును చేర్చియో, ఒక ఖాళీని తొలగించియో పంపినవారు లెక్కకు మిక్కిలియైరి. మూడవ తేదీననే నిర్వాహకులు నియమమును మార్చి, ముందుగా అంగీకరించిన ప్రోగ్రాములనే లెక్కలోనికి తీసికొనసాగిరి. 2024 తొలి నెలలలో ఎక్స్‌ప్రెస్ చట్రమునకు ఇంతకంటె విచిత్రమైన కష్టము వచ్చెను. దిద్దుబాటు పంపు విధమును నేర్పు ఒక వీడియోను చూచి, మన దేశపు విద్యార్థులు అసంఖ్యాకముగా దాని పరిచయపత్రములో తమ పేర్లను చేర్చి పంపిరి. వారికి దురుద్దేశము లేదు, నేర్చుకొనవలెనన్న కోరికయే. కాని ప్రతిదానిని ఎవరో ఒకరు తెరచి చూచి, కాదని మూయవలెను. ఆ కాలము నిజమైన లోపములను చూచుటకు దక్కదు. ఈ కారణమున రెయిల్స్ వారు, అందము కొరకు మాత్రము చేసిన మార్పులను సాధారణముగా అంగీకరింపబోమని తమ నియమములలోనే వ్రాసియుంచిరి.

అట్లని అక్షరదోషమును దిద్దుట అల్పమని అర్థము కాదు. జాంగో నియమముల ప్రకారము అక్షరదోషమునకు ముందుగా నమోదు సైతము అక్కరలేదు. నేరుగా దిద్ది పంపవచ్చును. భేదము పరిమాణములో లేదు. అక్కడ నిజముగా తప్పున్నదా, అది తప్పని ఇతరులు సరిచూడగల ఆధారమును చూపినారా అన్నదే ప్రశ్న. రెండంకెల సంవత్సరమును దిద్దినవారు ప్రమాణపత్రపు వాక్యమును, లెక్కను, పరీక్షను చూపిరి. పేరు చేర్చినవారి వద్ద చూపుటకు ఏమియు లేదు.

ఈ అభ్యాసమునకు కంప్యూటరే కావలెనని లేదు. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకములో లెక్క యొక్క జవాబు తప్పని విద్యార్థికి తోచినచో, అతనిని కూర్చోబెట్టి పుట, పంక్తి, తప్పు, ఒప్పు అను గడులు గీయించి, వాని ప్రక్కన "ఆధారము" అను ఐదవ గడిని చేర్చి నింపుమని ఉపాధ్యాయుడు చెప్పవచ్చును. నింపుచుండగా కొన్నిసార్లు తప్పు పుస్తకముది కాక తనదేయని అతనికి తెలియును. అప్పుడును నష్టము లేదు. ఒక దిద్దుబాటు జరిగినట్లే.